లెక్కపెట్టడం మానేస్తే పిట్టలు పెరుగుతాయా

సౌత్ డకోటా రాష్ట్రంలో హ్యూరన్ అనే ఊళ్ళో హైవే పక్కన ఒక పెద్ద ఫెజెంట్ పిట్ట బొమ్మ ఉంటుంది. 28 అడుగులు, 22 టన్నులు, 1959 నుంచి అక్కడే నిలబడి ఉంది, ప్రపంచంలో ఇంతకంటే పెద్ద ఫెజెంట్ లేదని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. అక్టోబర్‌లో వేటకి పోయేటప్పుడు మేం దాని పక్కనుంచే వెళ్తాం. అక్కడికి రాగానే మా కొలీగ్ పదేళ్ళుగా ఒకటే జోకు, "చూసుకో, ఇవాళ గ్యారంటీగా కనపడే పుంజు ఇదొక్కటే" అని. మొదట్లో పడీ పడీ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నేనూ నవ్వట్లేదు వాడూ నవ్వట్లేదు, కానీ చెప్పడం మాత్రం మానడు.

నేను 2006లో ఎమ్మెస్‌కి బ్రూకింగ్స్ వచ్చా, తర్వాత ఉద్యోగం సూ ఫాల్స్‌లో, ఇక అంతే, సౌత్ డకోటాలోనే సెటిలైపోయా. డాలస్‌లో న్యూజెర్సీలో ఉన్న ఫ్రెండ్స్ "అక్కడ ఏముందిరా" అని అడుగుతారు, మొక్కజొన్న ఉంది, చలి ఉంది, ఫెజెంట్లు ఉన్నాయి అని చెప్తా. ఉండేవి అనాలేమో. నేను వేటకి వెళ్తానంటే మనవాళ్ళు చాలామంది మొహం అదోలా పెడతారు, సరే పెట్టుకోండి, వారం వారం చికెన్ తెచ్చుకునేవాళ్ళతో ఆ వాదన నేను పెట్టుకోను. అన్నట్టు వీసా మీద ఉన్నవాళ్ళకి ఒక మాట, హెచ్1, ఎఫ్1 లాంటి వాటి మీద ఉండి తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. ఇది తెలియక ఫ్రెండ్స్‌తో సరదాగా వెళ్ళి ఇరుక్కోకండి, ముందు లాయర్‌ని అడగండి. నేను మొదటి ఏడాది తుపాకీ ముట్టుకోలేదు, ఊరికే వాళ్ళతో నడిచా. తర్వాత వేటలో జాగ్రత్తలు నేర్పే హంట్‌సేఫ్ క్లాసుకి వెళ్ళి పన్నెండేళ్ళ పిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నా, పరీక్షలో నాకంటే వాళ్ళకే మార్కులు ఎక్కువొచ్చాయి.

ఫెజెంట్ అంటే తెలియనివాళ్ళకి, నెమలికీ నాటుకోడికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, నిజంగానే మూడూ ఒకే కుటుంబం. పుంజుకి మెడ పచ్చగా నీలంగా మెరుస్తూ ఉంటుంది, దాని కింద తెల్లటి పట్టీ, కళ్ళ చుట్టూ ఎర్రటి తోలు, ఒళ్ళంతా రాగి రంగు, ఇంత పొడుగు తోక. పెట్ట మాత్రం ఎండుగడ్డి రంగే, కాళ్ళ దగ్గర కూర్చున్నా కనపడదు. ఇది ఈ దేశపు పిట్ట కాదు, మనలాగే ఆసియా నుంచి వచ్చిందే. 1880ల మొదట్లో షాంఘైలో అమెరికన్ కాన్సుల్‌గా ఉన్న ఓవెన్ డెన్నీ అనే ఆయన ఓడలో ఆరెగన్‌కి పంపించాడు, అక్కడ బతికి బట్టకట్టాయి. సౌత్ డకోటాలో స్పింక్ కౌంటీలో, రెడ్‌ఫీల్డ్ దగ్గర, 1908 ప్రాంతంలో వదిలితే నిలదొక్కుకున్నాయి. 1919లో ఒకే ఒక్క రోజు, ఆ ఒక్క కౌంటీలోనే, మొదటి వేట పెట్టారు. 1943కల్లా ఇదే రాష్ట్ర పక్షి అయిపోయింది. 1945లో ఈ ఒక్క రాష్ట్రంలో కోటీ అరవై లక్షల పిట్టలు ఉన్నాయని అంచనా. మనుషులేమో ఇప్పటికీ పది లక్షలకి కాస్త అటూ ఇటూ. వలస వచ్చి ఇంత పైకొచ్చిన జీవి ఇంకోటి ఉంటుందనుకోను.

నా మొదటి వేట 2008 అక్టోబర్ మూడో శనివారం. సీజన్ ఎప్పుడూ ఆ శనివారమే మొదలవుతుంది. అప్పట్లో సీజన్ మొదట్లో మధ్యాహ్నం పన్నెండు దాకా కాల్చకూడదు, ఇప్పుడు పదింటికి మార్చారు. పన్నెండు ఎప్పుడవుతుందా అని పదిహేను మంది ట్రక్కుల దగ్గర నిలబడి వాచీలు చూసుకుంటున్నారు, ఆరెంజ్ చొక్కాలు, కుక్కలు ఒక్క క్షణం కుదురుగా లేవు. మా కొలీగ్ మావయ్య వరస పెద్దాయన ఒకాయనకి హ్యూరన్‌కి ఉత్తరాన ఒక క్వార్టర్ ఉండేది, అంటే 160 ఎకరాలు, అందులో ముప్పాతిక భాగం నడుము దాకా గడ్డి, ఒక మూల నీళ్ళు నిలిచే పల్లం, అక్కడ మన చెరువుల్లో ఉండే జమ్ములాంటిదే ఒత్తుగా జమ్ము. సగం మంది గడ్డిలో వరసగా నడవాలి, సగం మంది అవతలి చివర ఆపేవాళ్ళుగా నిలబడాలి, ఎందుకంటే ఈ పిట్ట ఎగరడం కంటే పరిగెత్తడం ఎక్కువ ఇష్టపడుతుంది, చివరిదాకా పరిగెత్తి దారి లేనప్పుడే లేస్తుంది. ఆ రోజు చివరి ముప్పై గజాల్లో ఏం జరిగిందో మాటల్లో చెప్పడం కష్టం. ఒకటి లేచింది, రెండు లేచాయి, తర్వాత నేలే లేచిపోయినట్టు వందల్లో లేచాయి, ఆ రెక్కల చప్పుడు, పుంజుల అరుపు, "పుంజు! పుంజు! పెట్ట! కాల్చకు పెట్ట!" అని మనుషుల అరుపులు. నేను తుపాకీ లేకుండా నోరు తెరుచుకుని నిలబడిపోయా. మనిషికి మూడు పుంజులే లిమిట్, ఒంటిగంట కాకుండానే అందరికీ అయిపోయాయి. పెద్దాయన భార్య చేసిన పై (pie) తిని సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. అప్పుడు నాకు ఇదంతా ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కాబోలు అనిపించింది. తర్వాత తెలిసింది, అంతకు ముందు ఏడాది, 2007, గత నలభై ఏళ్ళలోకెల్లా మంచి సంవత్సరమని, రాష్ట్రంలో కోటీ పంతొమ్మిది లక్షల పిట్టలని లెక్క, ఆ సీజన్‌లో కొట్టినవే ఇరవై లక్షలు దాటాయి. అంటే నేను పెళ్ళి భోజనాల చివరి బంతిలో కూర్చుని ఇది రోజూ పెట్టే అన్నం అనుకున్నా అన్నమాట.

ఆ గడ్డి దానంతట అది మొలిచింది కాదు. 1985 ఫార్మ్ బిల్‌లో, అంటే వ్యవసాయ చట్టంలో, సీఆర్పీ అని ఒక పథకం పెట్టారు. రైతు తన భూమిలో సాగు ఆపేసి గడ్డి వేసి పదేళ్ళో పదిహేనేళ్ళో అలా వదిలేస్తే గవర్నమెంట్ ఎకరానికి ఇంత అని ఏటా అద్దె ఇస్తుంది. పెట్టింది పిట్టల కోసం కాదు, మట్టి కొట్టుకుపోకుండా, పంట మరీ ఎక్కువై ధరలు పడిపోకుండా. పిట్టలకి అది అనుకోకుండా దొరికిన వరం. 2007లో దేశం మొత్తం మీద సీఆర్పీ కింద 3 కోట్ల 68 లక్షల ఎకరాలు ఉండేది, సౌత్ డకోటాలోనే పదిహేను లక్షలకి పైన. అదే 2007లో ఇంకో చట్టం వచ్చింది, పెట్రోల్‌లో ఇథనాల్ ఇంత కలపాలని, అందులో ఎక్కువ భాగం మొక్కజొన్న నుంచే. అంతకు ముందు రెండు డాలర్లకి అటూ ఇటూ ఉండే బుషెల్ (పాతిక కిలోల) మొక్కజొన్న 2012 కరువులో ఎనిమిది డాలర్లు దాటింది. ఇంక చూడండి. కాంట్రాక్టులు ముగిసినవాళ్ళు ముగిసినట్టే గడ్డిని చంపేసి దున్నేశారు, 2014 నాటికి రాష్ట్రంలో సీఆర్పీ పది లక్షల ఎకరాల లోపుకి పడిపోయింది, పైగా ఆ ఏడాది ఫార్మ్ బిల్ దేశం మొత్తానికి పరిమితినే 2 కోట్ల 40 లక్షల ఎకరాలకి కోసేసింది.

మా పెద్దాయన కాంట్రాక్టు 2012 సెప్టెంబర్ 30న అయిపోయింది. ఆ సీజన్‌లో వెళ్ళినప్పుడే చెప్పాడు, వచ్చే ఏడాది ఇక్కడ మొక్కజొన్న ఉంటుంది అని. మేమేమీ అనలేదు. అనడానికి మేమెవరం, ఏడాదికి మూడుసార్లు వచ్చి పై తినిపోయేవాళ్ళం. ఆయనే మళ్ళీ అన్నాడు, "కౌలుకి అడుగుతున్నవాడు గవర్నమెంట్ ఇచ్చేదానికి రెండింతల పైన ఇస్తానంటున్నాడు, నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు, నా పిల్లలకి నేనేం చెప్పను, పిట్టల కోసం వదిలేశానని చెప్పనా?" ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. రైతు కొడుకుని నేను, మా నాన్న అయినా అదే చేసేవాడు. 2013లో వెళ్తే గడ్డి లేదు, పల్లంలో నీళ్ళు లాగేయడానికి నేల కింద నల్ల ప్లాస్టిక్ గొట్టాలు వేశారు, జమ్ము కూడా పోయింది. నున్నగా, రోడ్డు అంచు నుంచి రోడ్డు అంచు దాకా కోసేసిన మొక్కజొన్న మోళ్ళు. ఆ ఏడాది పిట్టల్ని లెక్కపెట్టే ఆగస్టు సర్వేలో రాష్ట్రం మొత్తానికి మైలుకి 1.52 పిట్టలు వచ్చాయి, ముందు ఏడాది మీద 64 శాతం తక్కువ. కరువు, చలికాలం, తడిసిన వసంతం, అన్నీ కలిసొచ్చాయి, గోరుచుట్టు మీద రోకటిపోటు. కానీ ఇలాంటి దెబ్బలు పిట్టలకి ఇంతకు ముందూ తగిలాయి, గడ్డి ఉన్న రోజుల్లో రెండేళ్ళలో కోలుకునేవి.

గడ్డి ఎందుకంత ముఖ్యం అంటే, ఇది చెట్టు మీద గూడు కట్టే పిట్ట కాదు. పెట్ట నేల మీదే గడ్డిలో చిన్న గుంట చేసుకుని పది పన్నెండు గుడ్లు పెడుతుంది, 23 రోజులు కదలకుండా పొదుగుతుంది, జూన్ మధ్యలో ఎక్కువ పిల్లలు బయటికొస్తాయి. గడ్డి లేకపోతే ఏం చేస్తుంది, పశువుల మేతకి వేసే అల్ఫాల్ఫా పొలంలోనో రోడ్డు పక్క డిచ్‌లోనో పెడుతుంది, సరిగ్గా అదే టైంకి అల్ఫాల్ఫా మొదటి కోత వస్తుంది, పెట్ట గుడ్ల మీద నుంచి లేవదు, మిషన్ కింద పడిపోతుంది. పిల్లలు పుట్టినా మొదటి కొన్ని వారాలు వాటికి గింజలు పనికిరావు, పురుగులే తినాలి, మిడతలు, చిన్న చిన్న పురుగులు, కలుపు పూలు ఉంటేనే అవి ఉంటాయి. మందు కొట్టిన మొక్కజొన్న వరసల మధ్య చీమ కూడా కనపడదు. ఇక చలికాలం. చాలామంది పాపం తిండి లేక చస్తాయి అనుకుని గింజలు పోస్తారు, రాలిన మొక్కజొన్న బోలెడు ఉంటుంది, తిండికి లోటు లేదు. మంచు తుఫానులో దూరడానికి జమ్ము, పొదలు కావాలి. అది లేకపోతే మిగతా అన్నీ ఉన్నా ఒక్క రాత్రిలో అయిపోతుంది.

"మీరు కాల్చి చంపడం వల్లే కదా తగ్గాయి" అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ పుంజుల్ని మాత్రమే కొట్టాలి, పెట్టని కొడితే నేరం, ఇంటికి తెచ్చుకునేటప్పుడు కూడా పుంజే అని తెలిసేలా తలో కాలో ఈకలున్న రెక్కో ఉంచాలి. ఒక పుంజు బోలెడు పెట్టల్ని సంబాళించుకుంటుంది కాబట్టి పుంజులు కొన్ని తగ్గినా వచ్చే ఏడాది గుడ్లు తగ్గవు. కాల్చినా కాల్చకపోయినా సగానికి పైగా ఏడాది తిరిగేసరికి ఎలాగూ పోతాయి, రెండు చలికాలాలు చూసిన ఫెజెంట్ అంటే ముసలిదే. అందుకే వేట ఆపేస్తే పిట్టలు పెరుగుతాయి అనేది వినడానికి బాగుంటుంది కానీ జరగదు.

ఏ ఏడాది ఎలా ఉందో కాలి ముల్లు చూస్తే తెలిసిపోతుంది. కోడిపుంజుకి ఉన్నట్టే దీనికీ కాలి వెనక ముల్లు ఉంటుంది, ఆ ఏడాది పుట్టిన దానికి పొట్టిగా మొండిగా, ముదురు పుంజుకి పొడుగ్గా నల్లగా సూదిలా. మంచి ఏడాది సంచిలో ఉన్నవన్నీ పొట్టి ముళ్ళవే ఉండాలి, అంటే పిల్లలు బాగా బతికాయని. 2013లో నేను సీజన్ మొత్తం మీద నాలుగు కొట్టా, నాలుగూ సూది ముళ్ళే. ఇంట్లో సింక్ దగ్గర నిలబడి ఈకలు పీకుతూ ఆ కాళ్ళు వరసగా పెట్టి చూశా, ఊళ్ళో బడి మూతపడి ముసలాళ్ళు మాత్రమే మిగిలినట్టు అనిపించింది.

ఆ రాత్రి నాన్నతో ఫోన్లో చెప్తే, "పిట్టలు లేకపోతే నీకొచ్చిన నష్టం ఏంట్రా, షాపులో కోడి దొరకట్లేదా" అన్నాడు. నేను గడ్డి సంగతి, దున్నేసిన సంగతి చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మన మెరక చేల్లో కౌజుపిట్టలు గుర్తున్నాయా నీకు" అన్నాడు. నాకు అరుపు గుర్తుంది, పొద్దున్నే గొడవపడుతున్నట్టు అరిచేవి. "నేను గట్లు సన్నం చేయించిన రెండో ఏడు నుంచి లేవురా అవి. మంచం పట్టేంత గట్టు ఉండేది, గడ్డీ రేగుకంపా అన్నీ దాని మీదే. ట్రాక్టర్ తిరగట్లేదని కొట్టేయించా. నాలుగు గింజలు ఎక్కువ పండినట్టు కూడా గుర్తులేదు నాకు." నేను పదేళ్ళు చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క గట్టుతో చెప్పేశాడు. అయితే మన దగ్గర కౌజు పోయిందని ఎవరూ మీటింగ్ పెట్టలేదు, ఇక్కడ పెట్టారు, 2013 డిసెంబర్‌లో గవర్నర్ డెన్నిస్ డాగార్డ్ హ్యూరన్‌లో ఫెజెంట్ సమ్మిట్ అని పెట్టి రైతుల్ని వేటగాళ్ళని అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించాడు. పిట్ట మీద డబ్బు తిరుగుతుంటే ఆ తేడా ఉంటుంది మరి.

తర్వాత వచ్చిన గవర్నర్ క్రిస్టీ నోయెమ్ 2019లో ఇంకో దారి పట్టింది. గుడ్లు తినే రకూన్లు, స్కంక్‌లు, ఒపోసమ్‌లు, బ్యాడ్జర్లు, ఎర్ర నక్కలు, వీటిని ట్రాప్ చేసి తోక తెచ్చిస్తే తోకకి పది డాలర్లు. మొదటి ఏడాదే 54 వేల తోకలు వచ్చాయి. పిల్లలకి ట్రాపింగ్ నేర్పించినట్టు ఉంటుంది అన్నారు, అది నిజమే, మా ఆఫీసులో ఒకాయన కొడుకు ఆ డబ్బుతో సైకిల్ కొనుక్కున్నాడు. కానీ నాకు ఇందులో లాజిక్ ఎక్కలేదు. 160 ఎకరాల గడ్డిలో స్కంక్ గూడు వెతుక్కోవాలి, దొరికితే దొరుకుతుంది లేకపోతే లేదు. ఆ గడ్డంతా దున్నేసి కంచె పక్కన పది అడుగుల చార మిగిలిస్తే, అన్ని పెట్టలూ ఆ చారలోనే గుడ్లు పెడతాయి, స్కంక్ ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే చాలు, బఫే. తప్పు స్కంక్‌దా చారదా?

అసలు నా కడుపుమంట ఇది కాదు, దీని తర్వాత జరిగింది. ఆగస్టు సర్వే అని చెప్పా కదా, జులై చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా, 110 రూట్లు, ఒక్కోటి 30 మైళ్ళు, తెల్లారగట్ల గడ్డి మీద మంచు బిందువులు బాగా పట్టిన రోజు చూసి నెమ్మదిగా నడుపుతూ రోడ్డు మీద కనపడిన పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళు. తడిసిన గడ్డిలోంచి పెట్టలు పిల్లల్ని తీసుకుని ఎండకి ఆరడానికి మట్టిరోడ్డు మీదకి వస్తాయి, అందుకే ఆ టైం. దశాబ్దాలుగా నడిచిన లెక్క. 2017లో మైలుకి 1.68 వచ్చింది, 2019లో 2.04. పేపర్లో హెడ్డింగ్ పడగానే మినెసోటా నుంచి జార్జియా నుంచి వచ్చేవాళ్ళు బుకింగ్‌లు క్యాన్సిల్ చేసుకోవడం, మోటెళ్ళ వాళ్ళు తల పట్టుకోవడం. దానికి 2020లో దొరికిన పరిష్కారం ఏంటంటే, సర్వేనే ఆపేశారు. మార్కెటింగ్ పెంచారు. జ్వరం ఉందని చెప్తోందని థర్మామీటర్ పారేసినట్టు. ఇప్పుడు సీజన్ అయ్యాక ఎన్ని కొట్టారు అనే అంచనా మాత్రం వస్తుంది, అది 2013లో పది లక్షల లోపుకి పోయింది, ఈమధ్య మళ్ళీ పది లక్షలు దాటుతోంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. దేశంలో ఇప్పటికీ ఫెజెంట్లలో సౌత్ డకోటానే నంబర్ వన్. కానీ 21 లక్షలు ఎక్కడ 12, 13 లక్షలు ఎక్కడ, అవి కూడా సీజన్‌ని జనవరి చివరిదాకా పొడిగించాక.

పక్కన ఐయోవా వాళ్ళు లెక్క మానలేదు, అందుకే వాళ్ళ కథ స్పష్టంగా కనపడుతుంది. 2007 నుంచి వరసగా ఐదు మంచు చలికాలాలు, తడి వసంతాలు, పైగా గడ్డి తరుగు, 2011లో 30 మైళ్ళ రూట్‌కి ఏడు పిట్టలు కూడా రాలేదు. తర్వాత చలికాలాలు కాస్త కరుణించాయి, లేచాయి, ఇప్పుడు మా వాళ్ళే కొంతమంది అటు వెళ్తున్నారు. పెన్సిల్వేనియా సంగతి వేరు, అక్కడ అడవిలో పుట్టిన ఫెజెంట్ అనేది దాదాపు లేదు, రాష్ట్రమే ఫారాల్లో ఏటా రెండు లక్షలకి పైగా పెంచి వదులుతుంది, 2017 నుంచి దానికి విడిగా పర్మిట్, మొదట్లో 26.90 డాలర్లు. శుక్రవారం లారీలో వచ్చి శనివారం చచ్చే పిట్ట. మేమూ అటే పోతున్నామా అని నా భయం.

ఎందుకంటే వేటగాళ్ళకి జరుగుతున్నది అదే. ఒకప్పుడు తలుపు కొట్టి, టోపీ తీసి, అయ్యా మీ పొలంలో నడవచ్చా అని అడిగితే ఊఁ అనేవాళ్ళు. ఇప్పుడు గడ్డి మిగిలిన చోట అది లీజుకి పోయింది, లేదా ప్రిజర్వ్ అయింది, అంటే డబ్బు కట్టి వేటాడే చోటు, రోజుకి మనిషికి కొన్ని వందల డాలర్లు. ఒకసారి మా కంపెనీ క్లయింట్ ఒకాయన పిలిస్తే వెళ్ళా, రూములు బాగున్నాయి, భోజనం బాగుంది, పుంజులు కాళ్ళ దగ్గర నుంచి కోడిలా లేచాయి. ఇంటికి తెచ్చి చూస్తే ముక్కు దగ్గర చిన్న చిల్లు. ఫారంలో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ముందు కనపడకుండా ఒక ప్లాస్టిక్ ముక్క తగిలిస్తారంట, దాని గుర్తు. మా అమ్మాయి చూసి "దీనికి ముక్కుపుడక ఉండేదా డాడీ" అంది. కూర చేశాం, రుచిలో తేడా లేదు, మసాలాలో అన్నీ ఒకటే, కానీ నేను రెండో ముద్ద తర్వాత ఇంక తినలేకపోయా.

డబ్బున్నవాడికి పిట్టలు తగ్గినా ఏమీ తగ్గలేదు, వాడు కొనుక్కుంటాడు. తగ్గిపోయింది మాలాంటి మామూలు వాళ్ళు. మా గుంపు 2008లో పదిహేను మంది, పోయిన ఏడాది నలుగురు. ఒకడు కుక్క చచ్చిపోతే ఇంకో కుక్కని పెంచలేదు, రోజంతా నడిచి ఒక్క పిట్ట లేపలేని కుక్కకి ఏం నేర్పుతాను అన్నాడు. ఇంకొకడు కొడుకుని రెండు సీజన్లు తిప్పాడు, పిల్లాడు రెండేళ్ళలో ఒక్క పుంజుని చూశాడు, మూడో ఏడాది ఫుట్‌బాల్‌కి వెళ్ళిపోయాడు, తప్పు పట్టడానికి లేదు. ఇందులో ఇంకో ముడి ఉంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం షాట్‌గన్ల మీద తూటాల మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను, అది రాష్ట్రాలకి వన్యప్రాణుల కోసం వెళ్తుంది, రాష్ట్రం పావలా పెడితే ఫెడరల్ ముప్పావలా, ఆ పావలా ఎక్కువగా లైసెన్స్ డబ్బులే. వాక్-ఇన్ ఏరియాలని రైతులకి డబ్బిచ్చి అందరికీ తెరిచి ఉంచే పొలాలున్నాయి చూడండి, నాలాంటి భూమి లేనివాడికి అవే దిక్కు, అవి నడిచేదీ ఇలాంటి డబ్బుతోనే. పిట్ట తగ్గితే వేటగాడు మానేస్తాడు, వేటగాడు మానేస్తే గడ్డికి డబ్బిచ్చేవాడు పోతాడు, గడ్డి పోతే మళ్ళీ పిట్ట. 1982లో మినెసోటాలో పుట్టిన ఫెజెంట్స్ ఫరెవర్ లాంటి సంస్థలు వేటగాళ్ళ చందాలతోనే గడ్డి విత్తనాలు వేయిస్తున్నాయి. పక్షి ప్రేమికులు ఫొటోలు తీసుకుంటారు, మంచిదే, కానీ కెమెరా మీద ఆ 11 శాతం లేదు.

మా పెద్దాయన 2019లో పోయారు. పొలం కొడుకు చేతికొచ్చింది. ఆ గొట్టాలు వేసిన పల్లం మూల ఉంది కదా, ఎన్ని వేసినా తడి ఏడాదుల్లో ట్రాక్టర్ దిగబడుతూనే ఉంది, విత్తనం డబ్బులు కూడా రావట్లేదు. అతను లెక్కలు వేసుకుని ఆ మూల ముప్పై చిల్లర ఎకరాలు జేమ్స్ రివర్ క్రెప్‌లో పెట్టాడు, అది సీఆర్పీకి తమ్ముడి లాంటిది, అద్దె కాస్త ఎక్కువ, బదులుగా వేటకి అందరికీ తెరవాలి. పిట్టల మీద ప్రేమతో ఏం కాదు, అతనే చెప్పాడు, నష్టం వచ్చే చోట పంట వేయడం ఎందుకని. నాకు అది చాలు. నష్టం వచ్చే మూలలు ఈ రాష్ట్రంలో చాలానే ఉన్నాయి.

మూడేళ్ళుగా ఆగస్టు మొదటి ఆదివారం నేనూ మా అమ్మాయీ అటు వెళ్తున్నాం. తెల్లారకుండానే లేపితే తిట్టుకుంటుంది, దారిలో డోనట్లు కొనిస్తే సర్దుకుంటుంది. ఆ పొలం దగ్గర మొదలుపెట్టి మట్టిరోడ్ల మీద 30 మైళ్ళు, గంటకి ఇరవై మైళ్ళలోపు, కిటికీలు దించి, నేను నడుపుతా తను నోట్‌బుక్‌లో రాస్తుంది. పుంజులు ఒక కాలమ్, పెట్టలు ఒకటి, పిల్లలు ఒకటి. దీనికి శాస్త్రీయంగా విలువ ఏమీ లేదు, నాకు తెలుసు, ఒక్క రూట్‌తో ఏమీ తేలదు, మంచు తక్కువ పడితే అంకె సగానికి పడిపోతుంది. ఈసారి మంచు బాగా పడింది. మొదటి పదిహేను మైళ్ళు మొక్కజొన్న గోడల మధ్య రెండు పుంజులు, ఒక పిల్లి. చివర్లో తిరిగి పల్లం దగ్గరకి వచ్చేసరికి ఎండ వచ్చింది, జమ్ము మళ్ళీ మొలిచింది, మరీ ఒత్తుగా కాదు. రోడ్డు మీద ఒక పెట్ట రెక్కలు విప్పుకుని నిలబడి ఉంది, వెనక పిల్లలు. కారు ఆపా. రెండు నిమిషాలు చూశాం, తర్వాత ఒక్కొక్కటీ గడ్డిలోకి దూరిపోయాయి. ఐదు అంది మా అమ్మాయి. నేను నాలుగే చూశా. ఐదోది గడ్డి కదలడమేమో అన్నా, కాదు నేను చూశా అంది, కాసేపు వాదించుకున్నాం. నాలుగే రాయించా.